ముత్తాతగారి బేగడకి ధ్రువపత్రం

మంత్రిగారి గ్రామఫోను ఆడగొంతుతో ఇంగ్లీషు మాట్లాడకపోయి ఉంటే మన రాష్ట్రానికి ‘పురాతన వస్తు ప్రామాణికతా నిర్ధారణ సంస్థ’ అనేది వచ్చేదే కాదు.

సంస్కృతీ పరిరక్షణ శాఖ చూసే ఆ మంత్రిగారికి, కొత్తగా కట్టుకున్న ఇంటి హాల్లో పాతకాలపు వస్తువు ఒకటి ఉండాలని ముచ్చట పుట్టింది. మంత్రిగారి ముచ్చట కాబట్టి మనుషులు తలో దిక్కూ పరిగెత్తి, తళతళలాడే ఇత్తడి బూరా ఉన్న గ్రామఫోను ఒకటి తెచ్చిపెట్టారు. నూరేళ్ల పైమాటేననీ, ఏదో సంస్థానం రాణిగారు దీని పాట వినందే కునుకు తీసేవారు కాదనీ అమ్మినవాడు చెప్పాడట. గృహప్రవేశం రోజున పెద్దలందరి ముందూ మంత్రిగారు స్వయంగా తాళం తిప్పారు. బూరాలోంచి ఒక అమ్మాయి బ్లూటూత్ కలిసిందని ఇంగ్లీషులో మర్యాదగా చెప్పింది. ఆ వెంటనే వంటవాడి ఫోనులో ఉన్న ఐటెం పాట మొదలైంది. పాట అక్షరం పొల్లుపోకుండా స్పష్టంగా వినపడిందని వచ్చినవాళ్లందరూ ఒప్పుకున్నారు. ఆ స్పష్టతే మంత్రిగారి గుండెల్లో దిగింది.

మామూలు మనిషైతే అమ్మినవాణ్ణి పట్టుకుని నాలుగు తిట్టి వస్తువు వాడి మొహాన కొట్టేవాడు. ఈయన మంత్రి కాబట్టి చట్టం తెచ్చాడు. డెబ్భై ఐదేళ్లు పైబడిన ఏ వస్తువునైనా నలుగురు తిరిగే చోట వాడాలన్నా, చూపాలన్నా సంస్థ ఇచ్చిన ధ్రువపత్రం ఉండాలి. లేకపోతే అది నకిలీగా భావించబడుతుంది. నకిలీలను జప్తు చేసి రోడ్డు రోలరు కింద వేస్తారు. డెబ్భై ఐదు దాటిన మనుషులకు మాత్రం మినహాయింపు ఇచ్చారు. ఆ మాత్రం దయ ఉన్నందుకు మా అమ్మ తరఫున నేను కృతజ్ఞుణ్ణి.

సంస్థకు డైరెక్టరుగా చిత్తరంజన్ గారిని వేశారు. అంతకుముందు ఆయన మత్స్యశాఖలో రొయ్యల తాజాదనం పరీక్షించే విభాగం చూసేవారు. తాజాదో కాదో చెప్పగలిగినవాడు పాతదో కాదో చెప్పలేడా అని ప్రభుత్వం వారి ఆలోచన. ముఖ్య శబ్ద నిపుణుడిగా డాక్టర్ సుధాంశు వచ్చారు. పెళ్లి ఊరేగింపుల్లో మైకుల వల్ల చెవులకు జరిగే నష్టం మీద పరిశోధించి డాక్టరేటు సంపాదించిన మనిషి. శబ్దం ఎంత తక్కువ ఉంటే లోకానికి అంత మంచిదని ఆయన నమ్మకం. ఈ ఇద్దరూ కలిసి మొదటి నెలలోనే ఒక మూలసూత్రం తయారుచేసి, ఫ్రేము కట్టించి గోడకు తగిలించారు. ‘స్పష్టముగా పలుకు ఏ పురాతన శబ్దయంత్రమూ ప్రామాణికము కానేరదు.’ మంత్రిగారింట్లో జరిగినదాన్ని బట్టి చూస్తే ఇందులో తప్పేముందో మీరే చెప్పండి.

ఇంత గొప్ప సంస్థతో నాకు పనిపడుతుందని నేను కల్లో కూడా అనుకోలేదు. నేను చినమల్లవరం హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరై, ఇప్పుడు మా రామాలయం కమిటీకి కార్యదర్శిగా ఉన్నవాణ్ణి. పనిపడింది మా గుడి సన్నాయి వల్ల.

మా గుళ్లో సన్నాయి వాయించేది షేక్ నాగూరు సాహెబు. ఆయన తండ్రీ, తాతా, ముత్తాతా అందరూ అక్కడ వాయించినవాళ్లే. సాయిబుల సన్నాయి మోగకుండా మా రాముడికి పెళ్లవదు. మా వైపు ఇదెవరికీ వింత కాదు. వాళ్ల ముత్తాత పెదసైదా సాహెబు బేగడ రాగం ఎత్తుకుంటే, పందిట్లో జనం అక్షింతలు చేతిలో పట్టుకుని వేయడం మరిచిపోయి నిలబడేవారట. ఆ రోజుల్లో కాలవ తవ్వకం చూడటానికొచ్చిన దొర ఒకడు అది విన్నాడు. తన దగ్గరున్న ఫోనోగ్రాఫు పెట్టె ముందు ఆయన్ని కూచోబెట్టి ఆ బేగడ పట్టుకున్నాడు. దేశం వదిలిపోతూ పెట్టెనూ బేగడనూ కూడా ఆయనకే ఇచ్చి వెళ్లాడు.

ఫోనోగ్రాఫు గ్రామఫోనుకు అక్క వరస. దాని మీద పళ్లెం ఉండదు, గాజుగ్లాసంత మైనపు గొట్టం ఉంటుంది. గొట్టం తిరుగుతుంటే సూది దాని మీది గీతల్లో నడిచి పాట పలికిస్తుంది. చిక్కేమిటంటే మైనం మెత్తన. సూది నడిచిన ప్రతిసారీ గీత కొంచెం చెరుగుతుంది, అంటే విన్నకొద్దీ పాట అరుగుతుంది. పెదసైదా సాహెబు ఆ సంగతి కనిపెట్టి ఇంట్లో ఒక కట్టుబాటు పెట్టాడు. ఆ ఇంటి బిడ్డ మొదటిసారి గుళ్లో సన్నాయి పట్టే రోజున, గుడి పక్క మేళగాళ్ల గదిలో తలుపేసుకుని, తండ్రి తాళం తిప్పుతాడు, బిడ్డ వింటుంది. ఇంకెవరూ ఉండరు. అంటే ఒక మనిషికి జన్మలో రెండుసార్లే ఆ బేగడ. తను సన్నాయి పట్టేటప్పుడొకసారి, తన బిడ్డకు తాళం తిప్పేటప్పుడొకసారి. మిగతా కాలమంతా గొట్టం దూదిలో చుట్టి కుండలో ఉంటుంది.

నాగూరు సాహెబు పన్నెండేళ్లప్పుడు మొదటిసారి విన్నాడు. ఆయనకు ఒక్కతే కూతురు, షమీమ్. ఊళ్లో స్కూల్లో పిల్లలకు సైన్సు చెబుతుంది, తెల్లవారుజామున సన్నాయి సాధన చేస్తుంది. ఆ ఇంట ఆడపిల్ల సన్నాయి పట్టడం ఇదే మొదలు. మా కమిటీలో ఒకరిద్దరు గొణిగారు గానీ, ఓ పూట ఆ పిల్ల సాధన విన్నాక గొణగడం మానేసి కాఫీ తాగి వెళ్లిపోయారు. ఈ శ్రీరామనవమికి కల్యాణంలో షమీమ్ వాయించాలని తీర్మానించాం. ఇంతలో తాసిల్దారు దగ్గర్నుంచి కబురొచ్చింది. గుడి ఆవరణ నలుగురూ తిరిగే చోటు కాబట్టి, ధ్రువపత్రం లేకుండా అక్కడ ఆ పెట్టె తాళం తిప్పితే జప్తు తప్పదని.

"పండక్కి ఇంకా చానా టైముంది గదా మేష్టారూ. పోయి రాయించుకొద్దాం. మనది నికార్సయిన సరుకు, మనకెందుకు భయం?" అన్నాడు నాగూరు సాహెబు. నిజమైనదానికి భయం అక్కర్లేదని నమ్మే మనుషులు ఇంకా ఉన్నారు. వాళ్ల కోసమే ప్రభుత్వాలు ఇలాంటి సంస్థలు పెడతాయి.

ముగ్గురం బస్సెక్కి రాజధాని చేరాం. గొట్టం ఉన్న కుండను షమీమ్ దారి పొడుగునా ఒళ్లోనే పెట్టుకుంది.

సంస్థ హాల్లో పెట్టెను బల్ల మీద పెట్టగానే డైరెక్టరుగారు చుట్టూ ఓసారి తిరిగి, వంగి, వాసన చూశారు. పాత ఉద్యోగం అలవాటు.

"పళ్లెం ఏదీ?" అన్నారు.

"దీనికి పళ్లెం ఉండదయ్యా. గొట్టం ఉంటది" అన్నాడు నాగూరు సాహెబు.

"మా పరిశీలనాంశములలో పళ్లెం ఉన్నది. పళ్లెం లేని యెడల వస్తువు అసంపూర్ణం."

డాక్టర్ సుధాంశు ఫోనులో ఏదో వెతికి ఆయన చెవిలో చెప్పారు. డైరెక్టరుగారు గొంతు సవరించుకున్నారు. "సరే. పళ్లెం స్థానంలో గొట్టమును తాత్కాలిక ప్రాతిపదికన అంగీకరించడమైనది. అయితే ఇంత పాత వస్తువుకు తుప్పు ఏదీ?"

"ఏటా మొహర్రానికీ ఉగాదికీ తుడిచి నూనె వేసుకుంటామయ్యా. తుప్పు రానివ్వం."

"అనగా ప్రాచీనతకు సంబంధించిన సాక్ష్యం పుట్టకుండా ఉద్దేశపూర్వకంగా అడ్డుకున్నారు."

నాగూరు సాహెబు నా వైపు చూశాడు. నేను గోడ మీద మూలసూత్రం వైపు చూశాను. డాక్టర్ సుధాంశు ఆ మాటను రాసుకున్నారు. చెక్క తట్టారు, బూరాలో టార్చి వేశారు, తాళం లెక్కపెట్టారు. అది ఒక్కటే ఉంది. చివరికి బాహ్య లక్షణాలను బట్టి ఏమీ తేలడం లేదు కాబట్టి శ్రవణ పరీక్షకు పంపిస్తున్నామని ప్రకటించారు.

నాగూరు సాహెబు అప్పుడు చేతులు జోడించి కట్టుబాటు సంగతంతా చెప్పాడు. మైనం అరిగే సంగతీ చెప్పాడు. డైరెక్టరుగారు కళ్లు మూసుకుని విని, జాలిగా నవ్వారు.

"మంత్రిగారికి ఆ గ్రామఫోను అమ్మినవాడు కూడా మూత తెరవొద్దనే చెప్పాడు సాహెబు గారూ. వినొద్దని మీరు అన్న క్షణం నుంచీ వినడం మా విధి అయిపోయింది."

షమీమ్ ముందుకొచ్చింది. "వినక తప్పదంటే వినండి సార్. కాకపోతే మీరందరూ కలిసి ఒక్కసారే వినండి. మా నాన్ననీ నన్నూ కూడా ఆ పక్కనే కూచోబెట్టండి. మా వంతు కూడా ఇక్కడే తీరిపోద్ది. ఇంక గుళ్లో పెట్టే పని లేదు."

ఇంత తేలికైన మాట ఆ భవనంలో అంతకుముందెవరూ అని ఉండరు. అందుకే డైరెక్టరుగారు దాన్ని అర్థం చేసుకోవడానికి కాస్త ఇబ్బంది పడ్డారు.

"అందరూ కలిసి వింటే ఒకరి అభిప్రాయం ఇంకొకరికి అంటుకుంటుందమ్మా. మాది స్వతంత్ర శ్రవణ విధానం. సభ్యులు ఎవరికి వారే వింటారు. ఇక మీరిద్దరూ ఆసక్తి గల పక్షం కిందికి వస్తారు. ఆసక్తి ఉన్నవారిని విననివ్వడం నిబంధనలకు విరుద్ధం."

ఆ విధంగా, ఆ బేగడను ఆసక్తి లేనివాళ్లు మాత్రమే వినాలని తేలింది.

శ్రవణ పరీక్షా మందిరం లోపలి చప్పుడు బయటికి ఈగ రెక్కంత కూడా రాకుండా కట్టారు. ఆ కట్టడం మొత్తంలో పని సరిగ్గా జరిగింది ఆ గది ఒక్కదానికే. మేం బయట బెంచీ మీద కూచున్నాం. తలుపు మీద ఎర్రలైటు వెలిగినప్పుడు లోపల పెదసైదా సాహెబు వాయిస్తున్నాడని గుర్తు. లైటు వెలిగిన ప్రతిసారీ నాగూరు సాహెబు లేచి నిలబడేవాడు. పెద్దవాళ్లు వాయిస్తుంటే ఆ ఇంట్లో కూచోరు.

లోపల ఏం జరిగిందో నాకెలా తెలుసంటే, ఆ సంస్థ సూపరింటెండెంటు వెంకటాద్రి నా తోడల్లుడు. మేం బస చేసింది వాళ్లింట్లోనే. సాయంత్రం భోజనం దగ్గర అన్నీ పూసగుచ్చినట్టు చెప్పేవాడు, అదీ గర్వంగా.

మొదట డాక్టర్ సుధాంశు విన్నారు. ‘సన్నాయి ధ్వని స్పష్టముగాను, మధురముగాను ఉన్నది. ఇది తీవ్రమైన అనుమానములకు తావిచ్చుచున్నది’ అని రాసి, వస్తువును సందేహాస్పదం అన్నారు. తర్వాత డైరెక్టరుగారు విన్నారు. ఆయనకు కొంచెం గరగర వినపడింది. కొంత నయమని, పాక్షిక సందేహాస్పదం అన్నారు. రెండు నివేదికలూ కలవలేదు కాబట్టి నిబంధనల ప్రకారం మూడో సభ్యుడిగా ఆర్థిక సలహాదారు విన్నారు. ఆయనకు ఇంకాస్త ఎక్కువ గరగర వినపడింది. ఆయన పాక్షిక ప్రామాణికం అన్నారు. మూడు నివేదికలూ మూడు రకాలుగా ఉండటంతో న్యాయ సలహాదారుని పిలిచారు. నాలుగోదీ కలవలేదు.

ఇందులో ఒక్కరూ అబద్ధం చెప్పలేదు సుమా. ఎవరికి వినపడింది వాళ్లు నిజాయితీగా రాశారు. ఒకరు వినేసరికి తర్వాతివారికి మిగిలేది తక్కువ, అంతే. ఇంత నిజాయితీగా ఒక వస్తువును పాడుచేయడం నేనింకెక్కడా చూడలేదు.

వారం తిరిగేసరికి నివేదికలు ఇన్ని రకాలుగా ఎందుకొస్తున్నాయని డైరెక్టరుగారు సమీక్షా సమావేశం పెట్టారు. డాక్టర్ సుధాంశు లేచి ఒక బొమ్మ గీసి చూపించారట. విన్న వరస ప్రకారం నివేదికలు పేరిస్తే, గరగర పెరుగుతూ పోతోంది. స్పష్టత తగ్గుతూ పోతోంది.

"సార్, ఇది చాలా గొప్ప విషయం. మనం శ్రద్ధగా వినేకొద్దీ దీనిలో దాగి ఉన్న ప్రాచీనత బయటపడుతోంది" అన్నారట.

సభ్యులు చప్పట్లు కొట్టారట. పూర్తి ప్రాచీనత బయటపడేదాకా శ్రవణం కొనసాగించాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. ఆ సంస్థ చరిత్రలో ఏకగ్రీవంగా జరిగింది అదొక్కటే అని వెంకటాద్రి నాకు ఇంకో గరిటె పప్పు వేస్తూ చెప్పాడు.

మర్నాడు పొద్దున షమీమ్ నేరుగా డైరెక్టరుగారి గదిలోకే వెళ్లిపోయింది. నేనూ, వాళ్ల నాన్నా వెనకాలే పరిగెత్తాం.

"సార్, మాకు సర్టిఫికెట్ వద్దు. మా పెట్టె మాకిచ్చేయండి, మేం పోతాం. గుళ్లో పెట్టం, బజార్లో పెట్టం. మా వంటింట్లో తలుపేసుకుని విని మళ్లీ కుండలో పెట్టుకుంటాం."

"దరఖాస్తు ఉపసంహరించుకుంటే వస్తువు నకిలీ అని మీరే అంగీకరించినట్టు అవుతుందమ్మా. నకిలీ అయితే రోడ్డు రోలరు" అన్నారు డైరెక్టరుగారు. ఆయన గొంతులో కోపం లేదు. వానాకాలం వాన పడుతుందని చెప్పినట్టు చెప్పారు.

"ఇంకా ఎన్నిసార్లు వింటారు సార్?"

"నిజం తేలేదాకా."

"అయితే నన్ను ఒక్కసారి విననివ్వండి. ఇంకా ఏమన్నా మిగిలుంటే, ఇప్పుడే. మీ కాళ్లు పట్టుకోమంటే పట్టుకుంటా."

డైరెక్టరుగారు కుర్చీలో వెనక్కి వాలారు. "మీ నాన్నగారే చెప్పారు కదమ్మా, విన్నకొద్దీ అరుగుతుందని. మీరు కూడా వింటే సాక్ష్యం అరిగిపోదా? ప్రభుత్వ సంరక్షణలో ఉన్న సాక్ష్యాన్ని మేం అలా అరగనివ్వలేం."

నాకు ఒళ్లు మండిపోయింది. లెక్కల మేష్టారుగా ముప్ఫై ఏళ్లపాటు ఎంతో మంది మొద్దుల్ని చూశాను. వాళ్లలో ఒక్కడు కూడా తన తప్పును ఇంత చక్కగా నిరూపించలేదు. ఏదో అనబోయాను గానీ నాగూరు సాహెబు నా మోచెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చాడు. పెట్టె లోపల ఉంది, రోలరు వాళ్ల చేతిలో ఉంది. మనం ఏం మాట్లాడతాం?

బెంచీ మీద కూచున్నాక ఆయన నెమ్మదిగా చెప్పాడు. "నాకు దాని మొదలు గుర్తుంది మేష్టారూ. కొస కూడా గుర్తుంది. నడిమధ్యలో ఒక మలుపుంది. పైకి పోతాపోతా ఉన్నట్టుండి కిందికి జారుద్ది. ఎట్టా జారిందో నాకు అందలా. ఆ రోజు అది వింటా ఉంటే నాకు ఏడుపొచ్చింది. చిన్నపిల్లోణ్ణి గదా, ముక్కు తుడుచుకుంటా ఉంటే అది దాటిపోయింది. మా నాయన్ని అడిగితే, నీ బిడ్డకు తిప్పేటప్పుడు విందువు గాని లేరా అన్నాడు. యాభై ఏళ్లుగా దాని కోసమే కాచుకుని ఉన్నా."

షమీమ్ తండ్రి చెయ్యి పట్టుకుని కూచుంది. తలుపు మీద ఎర్రలైటు వెలిగింది. ముగ్గురం లేచి నిలబడ్డాం.

ఆ తర్వాత విన్నవాళ్ల పేర్లు నేను చెప్పలేను, వాళ్ల హోదాలే గుర్తున్నాయి. నిఘా విభాగం విన్నది. అంతర్గత ఆడిట్ విన్నది. వేరే శాఖ నుంచి డిప్యుటేషన్ మీద వచ్చినవారు విన్నారు. వినకపోతే హాజరు పడదని సెలవు మీద ఉన్నవారు కూడా వచ్చి విన్నారు. గ్రేడు రోజురోజుకీ పెరిగింది. పాక్షిక ప్రామాణికం కాస్తా ప్రామాణికం అయింది, ప్రామాణికం కాస్తా విశేష ప్రామాణికం అయింది. వెంకటాద్రి ఇంటికొచ్చి, "అన్నయ్యా, మీ సాయిబుగారి పంట పండింది" అని నన్ను అభినందించాడు కూడా.

చివరికి ఒక మధ్యాహ్నం డాక్టర్ సుధాంశు మళ్లీ విన్నారు. బయటికొచ్చిన మనిషి ముఖంలో వెలుగు ఉంది. సన్నాయి అసలు లేదట. గరగర కూడా దాదాపు లేదట. మైనం మీద సూది జారుతున్న మెత్తటి సవ్వడి తప్ప ఏమీ వినపడలేదట. తన జీవితంలో ఇంత స్వచ్ఛమైన ప్రాచీనతను వినలేదని చెప్పి, అప్పటిదాకా నిబంధనల్లో లేని కొత్త గ్రేడు ఒకటి సృష్టించారు. దాని పేరు పరమ ప్రామాణికం.

సంస్థ పుట్టాక ధ్రువపత్రం దాకా వచ్చిన మొదటి వస్తువు ఇదే కావడంతో వారసత్వ ఉత్సవం జరిపారు. మంత్రిగారు వచ్చారు. వేదిక మీద పూలదండ వేసి పెట్టిన మా పెట్టె దగ్గరికి ఆయన కాస్త జంకుతూనే వెళ్లారు, ఎంతైనా ఒకసారి దెబ్బతిన్న మనిషి. తాళం తిప్పి, బూరాకు చెవి ఆనించారు. సభంతా ఊపిరి బిగబట్టింది. ఏ అమ్మాయీ ఇంగ్లీషు మాట్లాడలేదు. ఏ వంటవాడి పాటా రాలేదు. అసలేమీ రాలేదు.

మంత్రిగారి కళ్లు చెమర్చాయి. "ఇదీ అసలైన వస్తువంటే! దీని ముందు నా గ్రామఫోను ఎంత? ఇంత నిశ్శబ్దం ఈ కాలంలో ఎవడు తయారుచేయగలడు?" అన్నారు. బూరా మీద వెండిరంగు ముద్ర అతికించి, నాగూరు సాహెబుకు శాలువా కప్పి, ధ్రువపత్రం చేతిలో పెట్టారు. నాగూరు సాహెబు దాన్ని తలకిందులుగా పట్టుకుని ఫొటో దిగాడు. ఎవరూ సరిచేయలేదు.

సభ అయిపోయాక టీ తాగుతున్న సభ్యుల దగ్గరికి షమీమ్ వెళ్లింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఆ పిల్ల కళ్లు పొడిగా ఉన్నాయి.

"సార్, మా ఇంట్లో బతికున్నోళ్లలో మా నాన్న ఒక్కడే దాన్ని విన్నాడు, అదీ ఒక్కసారి. మీరు ఇంతమంది విన్నారు. ఇంక లోకంలో అది తెలిసినోళ్లు మీరే. మధ్యలో ఒక చోట పైకి పోయి కిందికి జారుద్దంట. ఎట్టా జారుద్దో ఎవరన్నా కొంచెం పాడి చూపించండి. రాగం రాకపోయినా పర్లేదు, కూనిరాగం తీసినా నేను పట్టుకుంటా."

ఆర్థిక సలహాదారు కప్పు కింద పెట్టి, తను మొత్తం వ్యవధి సరిపోయిందా లేదా అన్నంతవరకే చూశానన్నారు. న్యాయ సలహాదారు, చట్టవిరుద్ధమైన మాటలేమైనా ఉన్నాయేమో అని చివరిదాకా జాగ్రత్తగా విన్నాననీ, అలాంటివి లేవనీ హామీ ఇచ్చారు. నిఘా విభాగం ఆయన, లోపల ఇంకెవరైనా దాక్కుని వాయిస్తున్నారా అని పెట్టె వెనకాలే నిలబడ్డానన్నారు. డాక్టర్ సుధాంశు మాత్రం ఉత్సాహంగా ముందుకొచ్చారు.

"నాకు బాగా గుర్తుందమ్మా! మొదట సూది తగలగానే చిన్నగా టక్‌మని వస్తుంది. తర్వాత సన్నగా, జల్లెడ పట్టినట్టు ఒక గరగర. మధ్యలో అది కాస్త ముదురుతుంది..."

"మరి సన్నాయి సార్?"

ఆయన గడ్డం నిమురుకున్నారు. "అది కొంచెం అడ్డంగా ఉండేదమ్మా, మొదట్లో. దాని వెనకాల ఉన్న చప్పుడు సరిగా విననిచ్చేది కాదు."

షమీమ్ దణ్ణం పెట్టి వచ్చేసింది. ఊరికి తిరిగొచ్చేటప్పుడు కూడా కుండ ఆమె ఒళ్లోనే ఉంది.

శ్రీరామనవమి నాడు పందిరి కిటకిటలాడింది. ధ్రువీకరించిన మొట్టమొదటి వస్తువు వాడకం నిబంధనల ప్రకారం జరుగుతుందో లేదో చూడటానికి డైరెక్టరుగారు స్వయంగా కారు వేసుకుని వచ్చారు. కార్యదర్శిని కాబట్టి ఆయన పక్క కుర్చీ నాకు తప్పలేదు.

కట్టుబాటు ప్రకారం మేళగాళ్ల గదిలోకి తండ్రీ కూతురూ వెళ్లారు. తలుపు మూసుకుంది. నాగూరు సాహెబు తాళం తిప్పే ఉంటాడు, షమీమ్ వినే ఉంటుంది. వాళ్లు బయటికొచ్చేసరికి సాహెబు గడ్డం తడిసి ఉంది. డోలు మొదలైంది. షమీమ్ మండపంలో కూచుని, గుడి వైపూ, తండ్రి వైపూ చూసి, సన్నాయి పెదవులకు ఆనించి బేగడ ఎత్తుకుంది.

మొదలు వాళ్ల నాన్న నేర్పినదే. అది నాకు కూడా తెలిసినదే, ఆయన వాయించగా ఎన్నో పండగలకు విన్నదే. తర్వాత రాగం మెట్టు మీద మెట్టుగా పైకి పోయింది. అక్కడ ఆ పిల్ల ఆగింది. నాగూరు సాహెబు కళ్లు మూసుకున్నాడు. ఆయన ఎప్పుడూ ఆ చోటు దగ్గర దాటేసి కొసకు వెళ్లిపోయేవాడని నాకప్పుడు అర్థమైంది. ఆమె దాటెయ్యలేదు. ఒక్క గుక్క ఊపిరి పీల్చి, కిందికి జారింది. అది ముత్తాత జారిన తీరో, తను కల్పించుకున్నదో చెప్పగలిగేవాళ్లు లోకంలో లేరు. పురోహితుడు మంగళసూత్రం చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. పక్కనున్న ముసలావిడ గుప్పిట్లో అక్షింతలు గుప్పిట్లోనే ఉండిపోయాయి. నాకు కళ్లనీళ్లు ఆగలేదు, ఆపుకోవాలని కూడా అనిపించలేదు.

డైరెక్టరుగారు నా వైపు వంగారు. ముఖం గంభీరంగా పెట్టుకుని చెవిలో అన్నారు.

"ఒరిజినల్‌కీ దీనికీ చాలా తేడా ఉందండీ."

నేను గబుక్కున ఆయన వైపు తిరిగాను. ఈ మనిషి విన్నాడు, రెండోవాడిగా విన్నాడు, అప్పటికి అందులో బోలెడు మిగిలే ఉంది. ఏ మూలో గుర్తుండి ఉంటుంది. "ఏమిటండీ తేడా? ఎక్కడ? ఆ జారుడు దగ్గరేనా?" అన్నాను ఆత్రంగా.

ఆయన కాసేపు ఆలోచించారు. నిజాయితీగా ఆలోచించారు.

"ఒరిజినల్‌లో ఇంత సంగీతం ఉండేది కాదండీ" అన్నారు.